114 మి.మీ. రిఫ్లెక్టర్‌తో సూర్యుడి మచ్చలు: ఐపీస్ ఫిల్టర్ వాడొచ్చా?

ప్రశ్న (అనంతపురం_టీచర్):
స్కూల్లో 114/900 న్యూటోనియన్ (114 మి.మీ. అద్దం, 900 మి.మీ. నాభ్యంతరం ఉన్న టెలిస్కోప్) ఉంది. ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే కటకానికి) బిగించే నల్ల గాజు ఒకటి డబ్బాలోనే వచ్చింది, దానిమీద ‘సన్’ అని ఉంది. దాంతో పిల్లలకు సూర్యుణ్ణి చూపించొచ్చా? గొట్టం ముందువైపు మూతలోని 40 మి.మీ. బుల్లి మూత ఒక్కటే తీస్తే సరిపోతుందా?

కడప_తారలు:
సార్, ఆ నల్ల గాజును ఈరోజే పగలగొట్టి పారేయండి. బీరువాలో ఉంటే రేపు ఎవరో ఒకరు బిగిస్తారు. అద్దం పోగుచేసిన వేడంతా దానిమీదే పడి గాజు పగలొచ్చు, అప్పుడు కన్ను ఐపీస్ దగ్గరే ఉంటుంది. రెటీనాకు నొప్పి తెలీదు, కాలినా అప్పటికప్పుడు తెలిసిరాదు. బుల్లి మూత సంగతీ అంతే. ఎండలో కంటిపాప దాదాపు 2 మి.మీ.; 40 మి.మీ. రంధ్రం దానికి 400 రెట్ల వెలుగు లాగుతుంది.

ఫిల్టర్ ఉండాల్సింది గొట్టం మూతి దగ్గర. బాడర్ ఆస్ట్రోసోలార్ ఫిల్మ్ ఏ4 షీటు ఒకటి చాలు. ఓడీ (వెలుగును ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 5.0 అని చూసి కొనండి, అది లక్షో వంతు వెలుగునే వదులుతుంది. 3.8 రకం కెమెరాకే, కంటికి కాదు. గొట్టం చుట్టూ 5 సెం.మీ. అట్ట పట్టీ బిగుతుగా చుట్టి కప్పులా చేయండి. రెండు అట్ట రింగుల మధ్య ఫిల్మ్ పెట్టి, డబుల్ టేపుతో అతికించి, కప్పుకు బిగించండి. ఫిల్మ్‌ను లాగి పట్టకండి. ముడతలుంటే ఏం కాదు, లాగితేనే బొమ్మ చెడుతుంది.

కర్నూలు_దుర్భిణి:
పై మాటకు రెండు చేర్పులు. ఫైండర్‌ను (గురి పెట్టడానికి పక్కన ఉండే బుల్లి టెలిస్కోప్‌ను) విప్పేయండి, దానికి ఫిల్టర్ ఉండదు, పిల్లలు ముందు అందులోకే తొంగిచూస్తారు. గురి పెట్టడానికి నేలమీద గొట్టం నీడ చూడండి, అది బాగా చిన్నదై గుండ్రంగా కనిపిస్తే సూర్యుడు అందినట్టే. ఇక అనంతపురం గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. కప్పును మూడు చోట్ల టేపుతో గొట్టానికి అంటించండి. వాడే ప్రతిసారీ ఫిల్మ్‌ను బల్బుకు ఎదురుగా పట్టి చూడండి, సూది మొనంత చుక్క వెలిగినా ఆ ముక్క పనికిరాదు.

25 మి.మీ. ఐపీస్‌తో 36 రెట్లు పెద్దగా కనిపిస్తుంది, సూర్యబింబం మొత్తం పడుతుంది. మిద్దె మీద వద్దు, స్లాబు కాగితే బొమ్మ ఉడుకుతున్నట్టు అల్లాడుతుంది. పొద్దున 8 ప్రాంతంలో మట్టినేల మీదో గడ్డిమీదో పెట్టుకోండి.

అనంతపురం_టీచర్:
ఫిల్మ్ వచ్చేదాకా ఎక్స్‌రే షీట్లు, వెల్డింగ్ గాజు?

కడప_తారలు:
ఎక్స్‌రే షీటు దేనికీ వద్దు, కంటికి కనబడని పరారుణ కిరణాలను ఆపదు. 14వ నంబరు వెల్డింగ్ గాజు ఉత్త కంటితో చూడ్డానికే, టెలిస్కోప్ దగ్గరికి తేవద్దు. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని ఐపీస్‌లోకి చూడటమూ అంతే ప్రమాదం. ఫిల్మ్ వచ్చేదాకా ఆగండి సార్.