వాడే గ్లకోమా చుక్కలు దొరకడం లేదు, ఏం చేయాలి?

అమ్మకోసం: అమ్మకి గ్లకోమా, కంట్లో ప్రెషర్ పెరిగి మెల్లగా చూపు దెబ్బతినే జబ్బు. నాలుగేళ్లుగా రాత్రిపూట లాటానోప్రోస్ట్ చుక్కలు వేస్తున్నాం. ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేనిది, ఒకసారి వాడి పారేసే చిన్న గొట్టాల్లో వస్తుంది. మామూలు సీసాది వేస్తే కళ్లు మండిపోతాయి. రెండు వారాలుగా ఎక్కడ అడిగినా స్టాక్ లేదంటున్నారు. ఇంట్లో ఆరు గొట్టాలు మిగిలాయి. డాక్టరుగారి అపాయింట్‌మెంట్ పద్దెనిమిది రోజుల తర్వాత. మూడు రోజులకోసారి వేస్తూ లాగించవచ్చా?

పాతరోగి: వద్దమ్మా. నేనూ అలాగే లాగించాను. 15 ఉండే కంటి ప్రెషర్ 24కి పోయింది. నొప్పి లేదు, మసక లేదు, బాగానే ఉన్నాననుకున్నాను. తర్వాత ఫీల్డ్ టెస్టులో, అంటే చుట్టూ ఎంతమేర కనిపిస్తుందో చూసే పరీక్షలో, ఒక మూల నల్లగా కనబడింది. పోయిన చూపు మళ్లీ రాదు కదా.

చిట్కారాయుడు: ఇంత టెన్షన్ ఎందుకు? ప్రెషర్ చుక్కలు ఏవైనా ఒకటే. నాది అయిపోయినప్పుడు మా బావమరిది టిమోలాల్ సీసా తెచ్చుకుని నెల రోజులు వేసుకున్నాను. ఏమీ కాలేదు.

ఆయాసం: మీకు కాలేదు, నాకైంది. ఇలాంటి సలహా విని మా ఆవిడ టిమోలాల్ వేసింది. నాకు ఉబ్బసం ఉందని ఇద్దరం మర్చిపోయాం. అర్ధరాత్రి ఊపిరాడక ఎమర్జెన్సీకి పరుగెత్తాం. దయచేసి ఆ మాట తీసేయండి.

చిట్కారాయుడు: కంట్లో వేసిన ఒక్క చుక్క ఊపిరితిత్తుల దాకా నడిచి వెళ్లిందా?

మందులకౌంటర్: ఇరవై రెండేళ్లుగా మందులమ్ముతున్నాను, చెబుతాను వినండి. కంటి లోపలి మూలలో సన్న రంధ్రం ఉంటుంది. చుక్క అందులోంచి ముక్కులోకి జారి, అక్కడ నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్రలా ముందు కాలేయం గుండా పోదు. అందుకే చుక్క వేశాక కన్ను మూసుకుని ఆ మూలని రెండు నిమిషాలు వేలితో నొక్కిపెట్టమంటారు. అలా నొక్కినా సరే, టిమోలాల్ బీటా బ్లాకరు, అంటే గుండె వేగాన్ని తగ్గించే, ఊపిరి గొట్టాలని బిగించగల రకం మందు. ఉబ్బసం ఉన్నవాళ్లు, నాడి బాగా నెమ్మదిగా కొట్టుకునేవాళ్లు దాని జోలికి పోకూడదు.

చిట్కారాయుడు: చీటీ లేకపోయినా ఏది అడిగితే అది ఇచ్చేది మీరే, నీతులు చెప్పేదీ మీరే.

మందులకౌంటర్: నేనెప్పుడూ అలా ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లని వెళ్లి అడగండి.

ఆయాసం: ఆయన మీద పడతారేం? ముందు మీరు రాసింది సరిచేయండి.

చిట్కారాయుడు: నా అనుభవం నేను రాశాను. ఇష్టమైతే చదవండి, లేకపోతే లేదు.

రెప్పలరాణి: గొడవ మధ్యలో ఒక మాట. లాటానోప్రోస్ట్ వేసే కంటికి రెప్పవెంట్రుకలు పొడుగ్గా పెరిగాయి, రెండో కన్ను మామూలుగానే ఉంది. ఫోటోల్లో విచిత్రంగా ఉన్నాను. ఇంకెవరికైనా ఇలా అయిందా?

పాతరోగి: అందరికీ కాకపోయినా చాలామందికి అవుతుంది. కంటిపాప చుట్టూ రంగు ముదురుతుంది కూడా, అది మాత్రం మందు మానినా పోదు.

తొందరమనిషి: నా సీసా ఎప్పుడూ ముందే అయిపోతుంది. గట్టిగా పనిచేయాలని రెండేసి చుక్కలు వేస్తాను.

మందులకౌంటర్: కంట్లో ఒక చుక్క కూడా పూర్తిగా పట్టదండీ, రెండోది బుగ్గకి వేసినట్టే. పోనీ రెండుపూటలా వేద్దామనుకుంటారేమో, లాటానోప్రోస్ట్ రకం మందు రోజుకి ఒకసారి మించితే ప్రెషర్ తగ్గించే గుణమే తగ్గుతుంది. అన్నట్టు అమ్మకోసం గారూ, అసలు మీకు చెప్పాల్సింది ఇది. పెట్టె మీద పెద్దక్షరాల పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో మందు పేరు, 0.005 శాతం అని ఉందా చూడండి. ఇంకో కంపెనీది అదే మందు దొరకవచ్చు. బిమాటోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్, టాఫ్లుప్రోస్ట్ కూడా ఈ కుటుంబానివే, కానీ మార్చాల్సింది డాక్టరే. నేను కాదు, రాయుడుగారు అసలే కాదు.

లేజర్‌వాడు: ఈ చుక్కల గోల ఎందుకు, ఎస్‌ఎల్‌టీ చేయించుకోండి, కంటి ప్రెషర్ తగ్గించే లేజర్ చికిత్స అది. లైట్ అనే పరిశోధన 2019లో లాన్సెట్‌లో వచ్చింది. మొదటే లేజర్ చేసినవాళ్లలో 74 శాతం మందికి మూడేళ్ల తర్వాత కూడా చుక్కల అవసరం రాలేదు. నాకు ఐదో ఏడు నడుస్తోంది.

మూసుకున్నకోణం: అది కంట్లో నీరు బయటికి పోయే కోణం తెరిచి ఉన్న రకం వాళ్ల మీద చేసిన పరిశోధన, అప్పటిదాకా చుక్కలు మొదలుపెట్టనివాళ్ల మీద. నాకు కోణమే మూసుకుపోయింది, ఆ లేజర్ పనికిరాదన్నారు. అందరికీ ఒకే మంత్రం చదవకండి.

అమ్మకోసం: అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈరోజే ఆసుపత్రికి ఫోన్ చేశాను. స్టాక్ లేదనగానే వాళ్లే డాక్టరుగారిని అడిగి, ప్రిజర్వేటివ్ లేని టాఫ్లుప్రోస్ట్ చీటీ పంపారు. నాలుగు వారాలకి ప్రెషర్ చూపించుకోమన్నారు. రేపు తెస్తాను. ఇంటికొచ్చి చూస్తే ఆరు గొట్టాల్లో రెండు మూత తీసి ఉన్నాయి. సగం మందు మిగిలిందని అమ్మ దాచిందట, పారేయనివ్వడం లేదు.

పాతరోగి: ఆవిడ పడుకున్నాక పారేయండి.

చిట్కారాయుడు: సగం మందు పారేయడమేంటండీ, ఫ్రిజ్‌లో పెడితే...

ఆయాసం: మళ్లీ మొదలెట్టాడు.