80 నిండితే పింఛను పెరుగుతుందా? తీసుకోని నెలల సంగతేంటి?

గాజువాక వాసి:
అమ్మకు ఎన్టీఆర్ భరోసా వితంతు పింఛను వస్తోంది, నెలకు 4000. హైదరాబాదులో చెల్లి దగ్గర ఉండటంతో రెండు నెలలుగా తీసుకోలేదు. వచ్చే నెల 80 నిండుతాయి. అప్పుడు రేటు మారుతుందా? ఆ రెండు నెలలూ పోయినట్టేనా? 2024 జులైలో 7000 ఇచ్చారు కదా, రేటు పెంచిన ప్రతిసారీ అలా బకాయి కలుపుతారా?

లెక్కల మాస్టారు:
ముందు బకాయి సంగతి. జీవోలో ఏ నెల నుంచి అని రాస్తే ఆ నెల నుంచే, అంతకుమించి ఏమీ రాదు. 2024 జులై 1న ఇచ్చిన 7000లో జులైది 4000. ఏప్రిల్, మే, జూన్ నెలల తేడా వెయ్యేసి చొప్పున 3000. అంతకుముందు 2022 జనవరిలో 2500, 2023 జనవరిలో 2750, 2024 జనవరిలో 3000 చేసినప్పుడు ఆ నెల పంపిణీ నుంచే కొత్త రేటు, వెనక నెలల ఊసే లేదు. రేటు మారితే దరఖాస్తు పెట్టక్కర్లేదు, దానంతటదే పడుతుంది. కొత్త రేటుకి ఎక్కిస్తామని ఎవరైనా డబ్బులడిగితే అది దోపిడీయే.

భీమిలి రోడ్డు:
మాస్టారూ, చిన్న సవరణ. ఆ బకాయి 3000 నుంచి 4000కి మారినవాళ్లకే. దివ్యాంగులకి అప్పుడే 3000 కాస్తా 6000 అయింది గానీ, జులై 1న చేతిలో పెట్టింది ఆ 6000 మాత్రమే. పక్కింటాయనకి 7000 వచ్చిందని అప్పట్లో గ్రామ, వార్డు సచివాలయాల్లో గొడవపడ్డవాళ్లు చాలామంది.

80 గురించి: మారేది కేంద్రం వాటా. వితంతువుకి 79 దాకా 300, 80 నిండాక వృద్ధాప్య పింఛను కింద 500. వృద్ధులకైతే 200 నుంచి 500. మిగతాది రాష్ట్రం వేసి మొత్తం 4000 చేస్తుంది. కేంద్రం ఎక్కువిస్తే రాష్ట్రం అంత తక్కువ వేసుకుంటుంది, అంతే. మీ అమ్మగారి చేతికొచ్చేది మారదు.

మధురవాడ 2:
తీసుకోని నెలలు పోవు. 2024 చివర్లో రూలు మార్చారు. రెండు నెలలు తప్పినా మూడో నెలలో కలిపి ఇస్తారు, అంటే మీకు 12000. మూడో నెల కూడా తప్పితే మాత్రం శాశ్వత వలస కింద రాసి పింఛను ఆపేస్తారు. కాబట్టి ఈసారి ఎలాగైనా తీసుకురండి. వేలిముద్ర వేసేముందు పింఛను ఇచ్చే ఉద్యోగి ఫోన్‌లో 12000 అని చూపిస్తోందో లేదో చూసుకోండి. 4000 అనే ఉంటే అక్కడే అడగండి, ముద్ర పడ్డాక అడిగితే తేలడం కష్టం. పెద్దవాళ్లకి వేలిముద్ర అరిగిపోయి పడదు, అప్పుడు ఐరిస్‌తోనో ముఖంతోనో ప్రయత్నించమనండి.

గాజువాక వాసి:
ధన్యవాదాలండి. 1వ తేదీ పొద్దున్నకి విశాఖలో దిగితే చాలా?

మధురవాడ 2:
ముందు క్యాలెండర్ చూసుకోండి. 1వ తేదీ ఆదివారమైతే ముందు రోజే ఇచ్చేస్తారు. 2024 సెప్టెంబరు పింఛను ఆగస్టు 31నే పంచారు. ఆ ఆగస్టులో రెండుసార్లు తీసుకుని, సెప్టెంబరులో ఎగ్గొట్టారని తిట్టినవాళ్లున్నారు.