మూసీకి ముందు ఏది కావాలి: గోదావరి నీరా, మురుగును అరికట్టడమా?

అత్తాపూర్ వాసి:
మల్లన్నసాగర్ నుంచి గోదావరి జలాలను తెచ్చి, వాటిలో 2.5 టీఎంసీలను ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల ద్వారా మూసీకి ఇవ్వాలన్న పథకాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అనంతగిరి కొండల్లో పుట్టిన నది జంట జలాశయాల దగ్గరే ఆగిపోతే, హైదరాబాద్ నగరంలో పారేది మురుగు కాక మరేమవుతుంది?

వలిగొండ రైతు:
ఆ 2.5 టీఎంసీలను ఏడాది పొడవునా వదిలితే రోజుకు సుమారు 19 కోట్ల లీటర్లు వస్తాయి. అంబర్‌పేటలోని శుద్ధి కేంద్రం ఒక్కదాని సామర్థ్యమే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. మురుగును పలచన చేయడాన్ని ప్రక్షాళన అనలేము.

అత్తాపూర్ వాసి:
శుద్ధి అయిన నీటిని కూడా మీరు మురుగు పద్దులోనే వేస్తున్నారు. శుద్ధి చేసిన నీరు శుద్ధమైనదే కదా?

వలిగొండ రైతు:
కాదండీ. ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రాల్లో ప్రధానంగా సేంద్రియ మలినాలు తగ్గుతాయి. పరిశ్రమల నుంచి రాత్రిపూట నాలాల్లో కలిపే రసాయనాలు, మందుల అవశేషాలు చాలావరకు నగరానికి దిగువన ఉన్న మా కాలువల దాకా వస్తాయి. మా ఇంట్లో నాట్లకు దిగినవారి కాళ్లకు వారం రోజులు దురద తగ్గదు. నిరుడు మా వడ్లు మూసీ వడ్లని తెలియగానే వ్యాపారి ధర తగ్గించాడు.

చాదర్‌ఘాట్ వాసి:
గుర్రపు డెక్కను తొలగించిన కొద్ది వారాలకే మళ్లీ కమ్ముకుంటోంది, దోమలతో నిద్ర లేదు.

పక్షుల పరిశీలకుడు:
జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవోను గుర్తుచేసుకోండి. 2022లో 69వ జీవో ఆ ఆంక్షలను ఎత్తివేయడానికి దారి తీసింది. ఎగువన వాన నీటిని చెరువులోకి తెచ్చే వాగులను పూడ్చుకుంటూ పోతే, తెచ్చిపోసిన నీటితో కొంగలకు మేత దొరకదు.

అత్తాపూర్ వాసి:
వలిగొండ మిత్రమా, ఒక మాట నిజాయితీగా చెప్పండి. మురుగు ఆగితే మీ పొలాలకు నీరుండదు, మీ అభ్యంతరానికి అసలు కారణం అదే. వంతెన దాటుతూ ముక్కు మూసుకుని బతికేది మేము.

వలిగొండ రైతు:
మీరు వంతెనను నిమిషంలో దాటిపోతారు, మేము రోజంతా ఆ నీటిలోనే నిలబడతాము! అయినా మీరన్నది నిజమే, ఆ భయం నాకుంది, దాచను. మూసీపై అడ్డంగా కట్టిన మా కత్వలకు (చిన్న ఆనకట్టలకు) ఎండాకాలంలోనూ నీరు అందుతున్నదంటే అది నగరం వదిలేసిన నీరే. రేపు దానిని బాగుచేసి పరిశ్రమలకు మళ్లిస్తే మేము ఏం తాగాలి, ఏం పండించాలి? నది చివర వాడపల్లిలో కృష్ణలో కలిసేదాకా నదే. పథకంలో మాత్రం అది నగరం పొలిమేరతో ముగిసిపోతోంది.

చాదర్‌ఘాట్ వాసి:
ఒడ్డున ఉన్న మా ఇళ్ల మాట కూడా ఆ పథకంలో కూల్చివేత దగ్గరే ముగుస్తోంది.

అత్తాపూర్ వాసి:
గోదావరి నీరు రావాలన్న మాట నుంచి నేను తగ్గను. అయితే కత్వలకు ఎంత నీరు, ఎంత శుభ్రంగా వదులుతారో పథకంలోనే రాయాలన్న మీ డిమాండుకు నేనూ సంతకం పెడతాను.

వలిగొండ రైతు:
ముందు నాలాలు. ఆ తరువాత సంతకం.