ల్యాబ్ రిపోర్ట్ రాకముందే హోటల్ పేరు బయటపెట్టొచ్చా?

నేరేడుచెట్టు (చర్చ మొదలుపెట్టినవారు)
ఒకే చోట తిన్న పదిమందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. అధికారులు ఆ హోటల్ పేరు వెంటనే చెప్పాలా, శాంపిల్ ఫలితం వచ్చేదాకా ఆగాలా? 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోలు తిన్నవాళ్లలో ఒక మహిళ చనిపోయారు, చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ తర్వాతే తెలంగాణ ప్రభుత్వం మోమోల్లాంటి వాటితో నంజుకునే పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. మా ఇంట్లో ఈ వాదన అప్పుడు మొదలై ఇంకా తెగలేదు. నా ఓటు వెంటనే చెప్పాలనే. ఆహార భద్రత చట్టం ప్రకారం శాంపిల్ పరీక్షించే ఫుడ్ అనలిస్ట్‌కు రిపోర్ట్ ఇవ్వడానికి 14 రోజుల గడువుంది. అన్ని రోజులూ జనం అక్కడే తింటూ ఉండాలా?

అరటాకు
మాది చిన్న టిఫిన్ సెంటర్. మా దగ్గర ఇడ్లీ తిన్న గంటకే వాంతులయ్యాయని ఓ కుటుంబం వాట్సాప్ గ్రూపులో బోర్డు ఫొటోతో సహా పెట్టింది. ముందు రోజు రాత్రి వాళ్లు పెళ్లి భోజనం చేశారని తర్వాత తెలిసింది. పోస్టు తీసేశారు, స్క్రీన్‌షాట్లు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. వారం గిరాకీ పడిపోతే మాస్టర్‌కి జీతం ఎక్కడి నుంచి తేవాలి? రిపోర్ట్ వచ్చాక మూయించండి, కాదనను.

కల్చర్‌ప్లేట్
మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. అరటాకు గారూ, గంటకే వాంతులంటే అబద్ధమని కొట్టిపారేయలేం. స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా తిండిలో వదిలే విషం సాధారణంగా 1 నుంచి 6 గంటల్లో పనిచేస్తుంది. పొగలు కక్కే ఇడ్లీ మీద నాకు అనుమానం తక్కువే, చట్నీ సంగతి చెప్పలేను. సాల్మొనెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా అయితే 6 గంటల నుంచి 6 రోజులదాకా ఎప్పుడైనా బయటపడొచ్చు. జనం మాత్రం చివరగా తిన్నదాన్నే తిట్టుకుంటారు.

ఇంకో మాట. మీ ఇద్దరికీ ల్యాబ్ మీద నమ్మకం మరీ ఎక్కువ. కడుపు పాడైతే మనవాళ్లు ముందు ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకుని, రెండు యాంటీబయాటిక్ మాత్రలు మింగి, తగ్గకపోతేనే ఆసుపత్రికొస్తారు. అప్పుడు మల పరీక్షకు పంపితే, మందుల దెబ్బకి ల్యాబ్ ప్లేట్ మీద క్రిమి ఏదీ పెరగకపోవచ్చు. హోటల్లో ఆ రోజు గిన్నెలు ఆ రోజే కడిగేస్తారు. మర్నాడు ఇన్‌స్పెక్టర్ తెచ్చేది మర్నాటి చట్నీ. దాంట్లో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన నిన్నటి చట్నీ మంచిదని కాదు.

హాంబర్గ్ బావ
మా ఊరి కథ ఇక్కడ చెప్పి తీరాలి. 2011 మే నెలలో జర్మనీలో ఈ.కోలై అనే క్రిమి తిండి ద్వారా వ్యాపించింది. 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. ఎందరికో కిడ్నీలు దెబ్బతిన్నాయి. మే 26న హాంబర్గ్ అధికారులు స్పెయిన్ దోసకాయల మీద క్రిమి దొరికిందని ప్రకటించారు. ల్యాబ్‌లో దొరికిన మాట నిజమే. పూర్తి పరీక్ష అయ్యాక చూస్తే అది రోగుల్లో ఉన్న ఓ104 రకం కాదు! ఈలోగా స్పెయిన్ కూరగాయలు కొనేవాడు లేడు. వారానికి 20 కోట్ల యూరోల నష్టమని అక్కడి ఎగుమతిదారులు మొత్తుకున్నారు.

అసలు దొంగ మొలకలు. లోయర్ సాక్సనీలోని ఒక ఫామ్‌లో పెంచినవి. ఆ మొలకలకు మూలం ఈజిప్టు నుంచి వచ్చిన మెంతి గింజలని తేల్చారు. ఆ మెంతుల శాంపిళ్లలో మాత్రం క్రిమి దొరకనేలేదు! మరి ఎలా పట్టుకున్నారు? ఒకే రెస్టారెంట్‌లో తిన్న బృందాల బిల్లులు, ఫొటోలు తీసుకుని, ఏ ప్లేట్‌లో ఏమేం వేశారో వంటవాళ్లను అడిగారు. ప్లేట్‌లో మొలకలు పడినవాళ్లు జబ్బుపడే అవకాశం మిగతావాళ్లకంటే 14 రెట్లు ఎక్కువని తేలింది.

అందుకే నా మాట: ‘ల్యాబ్ ముందా, వెనకా’ అన్నది కాదు తేల్చుకోవాల్సింది. తిని పడకేసినవాళ్లనూ, తిని బాగున్నవాళ్లనూ పక్కపక్కన పెట్టి లెక్క చూశారా లేదా? చూసి ఉంటే పేరు చెప్పొచ్చు.

కల్చర్‌ప్లేట్
బావ గారు ఒక ముక్క దాటేశారు. అంతకుముందు అధికారులు రోగులను ఏం తిన్నారని అడిగి, ఆ జవాబులను బట్టే ఉడికించని టమాటా, దోసకాయ, సలాడ్ ఆకులు తినొద్దని జనానికి చెప్పారు. మొలకలు తిన్నామని గుర్తున్నవాళ్లు మొదట్లో నలుగురిలో ఒక్కరే. పైన చల్లిన గుప్పెడు మొలకలు ఎవరికి గుర్తుంటాయి? అడగడంలోనూ పొరపాట్లుంటాయి.

హాంబర్గ్ బావ
ఒప్పుకుంటా. అందుకే తర్వాత జ్ఞాపకాన్ని వదిలేసి వంటగదిని అడిగారు.

నేరేడుచెట్టు
2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీవాళ్లు తనిఖీ చేసిన హోటళ్ల పేర్లు, ఫొటోలు ఎక్స్‌లో పెట్టారు కదా. అప్పుడు ఎవరూ ల్యాబ్ కోసం ఆగలేదు.

హాంబర్గ్ బావ
అది ఇన్‌స్పెక్టర్ కళ్లారా చూసిన బొద్దింక. ఫలానా ప్లేట్ వల్ల ఫలానా మనిషి జబ్బుపడ్డాడని చెప్పడం వేరు.

పీహెచ్‌సీ పిన్ని
అసలు లెక్కంటూ వస్తే కదా మీరు పక్కపక్కన పెట్టేది! డాక్టర్లు ఫుడ్ పాయిజన్ కేసులు తెలియజేయాలని ఆదేశించే అధికారం 2006 ఆహార భద్రత చట్టం 35వ సెక్షన్‌లో ఉంది. నేను చూసినంతలో చీటీ మీద ‘గ్యాస్ట్రో’ అని రాసి పంపేస్తారు. అమెరికాలోనే నమోదైన ఒక్కో సాల్మొనెల్లా కేసుకు లెక్కలోకి రానివి 29 ఉంటాయని అంచనా. ఇక్కడ ఎన్నో మీరే ఊహించుకోండి. పేరు చెప్పాలా వద్దా అని కొట్టుకునే ముందు, మర్నాడే ఇల్లిల్లూ తిరిగి ఎవరేం తిన్నారో రాసుకొచ్చే మనిషిని ఇవ్వమనండి.

అరటాకు
సరే, ఒక మెట్టు దిగుతా. పేరు చెప్పేటప్పుడు ఎంతమంది తిన్నారు, ఎంతమంది జబ్బుపడ్డారు అనేది కూడా వేయాలి. మా తప్పు లేదని తేలితే అదీ అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి. అలాగైతే ముందే చెప్పినా ఒప్పుకుంటా.

కల్చర్‌ప్లేట్
న్యాయమే. మీరూ ఒక పని చేయండి. రోజూ చట్నీ, సాంబారు కొంచెం కొంచెం శుభ్రమైన డబ్బాల్లో తీసి, తేదీ రాసి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. రేపు ఎవరైనా మీ మీద పడితే పరీక్షకు పంపడానికి ఆ రోజుదే ఉంటుంది.

అరటాకు
ఫ్రిజ్ నిండా పిండే ఉంటుంది మేడమ్. చూస్తా, పై అర ఖాళీ చేయించాలి.