గుండెపోటు వచ్చే "అవకాశం" అనొచ్చా?

వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగతాగే అలవాటు చెబితే రాబోయే పదేళ్లలో గుండెజబ్బు రిస్క్ ఎంతో లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ల మీద వ్యాసం రాస్తున్నానండీ. "గుండెపోటు వచ్చే అవకాశం 12 శాతం" అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అవకాశం అంటే అందిపుచ్చుకునేది కదా. "ప్రమాదం" అంటే రోడ్డు మీద జరిగేదే గుర్తొస్తోంది. ఏం రాయమంటారు?

— అవకాశానికి పాత అర్థం చోటు, సందు అనే కాబట్టి నిఘంటువు ప్రకారం తప్పు కాదు, కానీ ఈనాటి చెవికి ఇబ్బందే. "ముప్పు" అని రాయండి. ముప్పు పొంచి ఉంటుంది, ముప్పు తప్పుతుంది. ఇంకా జరగలేదన్న సంగతి ఆ మాటలోనే ఉంది. ఎక్కువ తక్కువలూ చక్కగా ఇముడుతాయి. నా బాధంతా క్రియతోనే. "ఎవరికి గుండెపోటు వస్తుందో కంప్యూటర్ ముందే చెప్పేస్తుంది" అని శీర్షికలు పెడుతున్నారు, అది జోస్యం అవుతుంది. ఇలాంటి లెక్కలకు పునాది వేసిన, అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో గుండెజబ్బుల మీద చేసిన అధ్యయనం 1948లో మొదలై, వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. 12 శాతం అంటే ఇవే లక్షణాలున్న వందమందిలో సుమారు 12 మందికి అని. ఆ 12 మంది ఎవరో మోడల్‌కు తెలియదు. అందుకే "వస్తుంది" వద్దు, "రావచ్చు" అనండి, పక్కనే "పదేళ్లలో" అన్న గడువు కూడా తప్పకుండా ఉంచండి.

— ముప్పునీ హానినీ కలిపేయొద్దని నా మనవి. మందుల్లో మిగిలిపోయే మలినాల అణునిర్మాణం చూసి, ఇది డీఎన్‌ఏను దెబ్బతీసి క్యాన్సర్‌కు దారితీయగల రకమేనా అని కంప్యూటర్‌తో అంచనా వేస్తారు. ఉదాహరణకు బెంజీన్ వలయానికి (ఆరు కార్బన్ల చట్రానికి) నైట్రో గుంపు (ఒక నైట్రోజన్, రెండు ఆక్సిజన్లు) అతుక్కుని ఉంటే మోడల్ హెచ్చరిస్తుంది. అది చెప్పేది హాని చేసే గుణం గురించి మాత్రమే. ముప్పు ఎంతన్నది మోతాదును బట్టి ఉంటుంది. మందుల్లో ఇలాంటి మలినాలకు హద్దులు చెప్పే అంతర్జాతీయ ఐసీహెచ్ ఎం7 మార్గదర్శకాల ప్రకారం అలాంటి మలినం జీవితాంతం రోజుకు 1.5 మైక్రోగ్రాములు మించకపోతే, దానివల్ల అదనంగా క్యాన్సర్ వచ్చే ముప్పు లక్షమందిలో ఒకరికి లోపే అని లెక్క. హాని గుణం అలాగే ఉంది, ముప్పు మాత్రం బాగా తక్కువ.

— ఇద్దరికీ ధన్యవాదాలండీ, ముప్పు ఖాయం చేశాను. ఎక్స్‌పోజర్‌కి మాత్రం ఒక్క మాట దొరకలేదు, ప్రస్తుతానికి "ఒంటికి తగిలే మోతాదు" అని విడగొట్టి రాస్తున్నా. ఇంతకంటే పొట్టిగా ఎవరికైనా తడితే చెప్పండి.