అప్‌డేట్: ఫ్రాటర్నిటీ పాత లెక్కలు, రద్దయిన ట్యాక్స్ మినహాయింపు (తేలింది)

అమెరికాలో మా కాలేజీ ఫ్రాటర్నిటీకి (విద్యార్థుల క్లబ్బు) కొత్తగా ట్రెజరర్‌నయ్యాక ఐఆర్‌ఎస్ (అక్కడి ట్యాక్స్ శాఖ) నుంచి ట్యాక్స్ మినహాయింపు రద్దయిందని ఉత్తరం వచ్చిందనీ, పాత లెక్కలు కలవట్లేదనీ ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. ముందు 990-ఎన్ (చిన్న సంస్థలు ఐఆర్‌ఎస్‌కి ఏటా వేసే ఫారం) వేశారో లేదో చూడమన్న అన్నయ్య చెప్పిందే నిజమైంది.

సీపీఏ (అకౌంటెంట్) మా ఈఐఎన్ (సంస్థ ట్యాక్స్ నంబర్) కొట్టి చూస్తే రద్దయిన సంస్థల జాబితాలో మా పేరుంది. మాలాంటివి ట్యాక్స్ చట్టంలో సోషల్ క్లబ్బులకుండే 501(సి)(7) సెక్షన్ కిందకొస్తాయి. ఏటా రాబడి మామూలుగా 50,000 డాలర్లు దాటకపోతే 990-ఎన్ అనే చిన్న ఆన్‌లైన్ ఫారం చాలు, కానీ వరుసగా మూడేళ్లు ఏదీ వెయ్యకపోతే మినహాయింపు దానంతటదే పోతుంది, మూడో ఏటి గడువు తేదీ నుంచే. మా దగ్గర ట్రెజరర్లు ఏటా మారతారు, ఎవరికి వాళ్లు ముందువాళ్లు వేసే ఉంటారనుకున్నారు.

రద్దు ఉత్తరం తేదీ, ఆ జాబితాలో పేరు పెట్టిన తేదీ, ఈ రెంటిలో తర్వాతి దాన్నుంచి 15 నెలల్లోపే ఉన్నాం, మూడేళ్లూ చిన్న ఫారానికే అర్హులం, ఇంతకుముందెప్పుడూ రద్దవలేదు కాబట్టి మినహాయింపుకి అప్లై చేసే ఫారం 1024ని పే.గవ్ అనే ప్రభుత్వ సైట్‌లో 600 డాలర్ల ఫీజుతో వేశాం. రద్దయిన తేదీ నుంచే మినహాయింపు తిరిగొచ్చింది.

డబ్బులెవరో తినేశారన్న అనుమానం ఉత్తదే. వెన్మో అనే డబ్బులు పంపే యాప్‌లో చందాల పక్కన పిజ్జా బొమ్మ తప్ప ఇంకేం రాయలేదు మహానుభావులు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చితే అన్నీ కలిశాయి.