తెరచాప పడవలో యూరప్ తీరం వెంట ఏడాది ప్రయాణం: కుక్కను తీసుకెళ్లడం న్యాయమేనా?

ఉప్పుగాలి:
మేం ఉండేది నెదర్లాండ్స్‌లో. ఏడాది సెలవు పెట్టి, మా 11 మీటర్ల తెరచాప పడవలో మే నెలలో ఐముయిడెన్ నుంచి బయల్దేరాలని నేనూ మా ఆవిడా అనుకున్నాం. బెల్జియం, ఫ్రాన్స్‌లోని నార్మండీ, బ్రిటనీ మీదుగా వెళ్లి, బిస్కే అఖాతం దాటి స్పెయిన్‌లోని గలీసియా, ఆపైన పోర్చుగల్ చూసుకుని, చలికాలానికల్లా మధ్యధరా చేరాలని ప్లాన్. మాతో పాటు చిట్టి. హైదరాబాద్ వీధిలో మాకు దొరికిన ఆడకుక్క, ఇప్పుడు ఏడేళ్లు. "నోరులేని దాన్ని నీళ్ల మధ్య పెట్టి ఏడిపిస్తారా? ఎవరింట్లోనైనా వదిలి వెళ్లండి" అంటున్నారు మా అత్తగారు. మేమిద్దరం కనిపించకపోతే అన్నం ముట్టని కుక్క అది. ఏడాది వదిలేయడమే పెద్ద అన్యాయం అని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఒడ్డు మనిషి:
మీ అత్తగారి మాటే నాదీను. సముద్రం మీద మోజు మీది. కుక్కకు కావలసింది మట్టి, చెట్లు, వాసనలు, సాటి కుక్కలు. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు మనం పట్టుకోవడానికి చేతులున్నాయి, దాని గోళ్లు పడవ పైనున్న ఫైబర్ డెక్ మీద జారిపోతాయి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ఇంటి అలవాటున్న కుక్క పడవను ఇల్లే అనుకుంటుంది, ఇంట్లో తప్పు చేయకూడదని మూత్రం ఆపుకుంటుంది. బిస్కే దాటడానికి ఎన్ని రోజులు పడుతుందో మీకే తెలుసు. ఆ బాధ కళ్లారా చూస్తూ కూడా "తనకీ సరదాగానే ఉంది" అని ఫొటోలు పెట్టడం నాకు నచ్చదు.

గాలివాటం:
ఒడ్డు మనిషి గారు చెప్పిన ఇబ్బంది నిజం, కానీ తీర్పుతో నేను ఏకీభవించను. కుక్కతో పాటు బ్రిటనీ నుంచి పోర్చుగల్ దాకా పడవలో వెళ్లినవాళ్లం మేము. ఇక్కడ తేల్చుకోవలసింది "కుక్కకు సముద్రం పడుతుందా" అని కాదు. ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు మధ్య ఎన్ని గంటలు అన్నది. పొద్దున లంగరెత్తి సాయంత్రానికి ఇసుక మీద పరుగెత్తగలిగితే ఏ కుక్కకూ ఇబ్బంది లేదు. పైగా దానికి ఇష్టమైన మనుషులిద్దరూ ఇరవై నాలుగు గంటలూ కళ్ల ముందే ఉంటారు. ఆఫీసుకెళ్లేవాళ్ల ఇంట్లో ఏ కుక్కకుంది ఆ భాగ్యం?

అందుకే ఉప్పుగాలి గారూ, మీ ప్లాన్‌లో నేను తప్పుపట్టేది ఒక్క బిస్కేనే. బ్రిటనీలోని కమారే నుంచి గలీసియాలోని లా కొరూన్యాకు సూటిగా వెళితే దాదాపు 350 నాటికల్ మైళ్లు. గంటకు 5 మైళ్ల చొప్పున మూడు పగళ్లు, మూడు రాత్రులు. దారిలో ఆగడానికి చోటే లేదు.

ఆపుకోవడం గురించి కూడా చెబుతాను. అడుగున్నర ప్లాస్టిక్ గడ్డి ముక్క తీసుకుని, మూలకు చిల్లు పెట్టి తాడు కట్టాం. పని కాగానే ఆ తాడుతోనే సముద్రంలో ముంచి లాగితే శుభ్రం. అయితే మా కుక్క మొదట్లో దాని చుట్టూ తిరిగేది, వాసన చూసేది, మళ్లీ వచ్చి మా మొహాల్లోకి చూసేది. వంగేది మాత్రం కాదు. ఇంట్లో ఉన్నప్పుడే ఆ గడ్డిని పెరట్లో వేసి, రోజూ ఒకే మాట అంటూ నేర్పాలి. మరీనాలో, అంటే పడవలు కట్టే రేవులో ఉన్నప్పుడు డెక్ ముందు భాగంలో వేసి అదే మాట అనాలి. ఆ తర్వాతే సముద్రం. చిట్టి మే నాటికి ఇది నేర్చుకోకపోతే మాత్రం ఒక్క రాత్రి ప్రయాణం కూడా పెట్టుకోకండి.

మూగజీవి:
నేను పశువుల డాక్టర్ని, స్పెయిన్‌లో పనిచేస్తున్నాను. ప్రేమా స్వార్థమా అన్న చర్చ మీరు చేసుకోండి. నాకు కాగితాల గురించి, జబ్బుల గురించి టెన్షన్.

చిట్టి ఇండియా నుంచి వచ్చింది కాబట్టి చిప్, రేబీస్ టీకా, ఆ టీకా పనిచేసిందో లేదో చూసే టైటర్ రక్తపరీక్ష అప్పుడే అయి ఉంటాయి. ఆ టైటర్ కాగితం జాగ్రత్త. రేబీస్ బూస్టర్ గడువు ఒక్క రోజు కూడా దాటనివ్వకండి. జిబ్రాల్టర్ దగ్గర చాలామందికి "పక్కనే కదా, మొరాకో చూసొద్దాం" అనిపిస్తుంది. మొరాకో, ట్యునీషియా, టర్కీ పెంపుడు జంతువుల రాకకు ఈయూ (యూరోపియన్ యూనియన్) పెట్టుకున్న జాబితాలో లేని దేశాలు. అక్కడికి వెళ్లి తిరిగి రావాలంటే చెల్లుబాటయ్యే టైటర్ ఉండాలి. లేదంటే రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి.

ఇంగ్లిష్ చానల్‌లో ఫ్రాన్స్ వైపే ఉండండి. ఫ్రాన్స్ నుంచి సొంత పడవలో కుక్కతో ఇంగ్లండ్ రేవుకు వెళ్లడానికి వీల్లేదు, అనుమతి ఉన్న ఫెర్రీలోనో, అలాంటి మరో మార్గంలోనో తీసుకెళ్లాలి. మాల్టాకు వెళ్తారేమో, అక్కడ దిగే ముందు 24 నుంచి 120 గంటల లోపు డాక్టర్ చేత బద్దెపురుగుల (టేప్‌వర్మ్) మందు వేయించి కుక్క పాస్‌పోర్ట్‌లో రాయించాలి.

దక్షిణ యూరప్‌లో లీష్‌మానియా అనే జబ్బు ఉంది. ఇసుక దోమ కుడితే వస్తుంది, పూర్తిగా నయం కాదు. మధ్యధరా చేరే ముందే ఆ దోమల్ని తరిమే డెల్టామెత్రిన్ మందున్న కాలర్ వేయండి, సాయంత్రాలు లోపలే పడుకోబెట్టండి. చలికాలం చివర్లో పైన్ చెట్ల కింద గొంగళిపురుగులు వరసగా, ఒకదాని వెనక ఒకటి పాకుతుంటాయి. కుక్క ముక్కు పెట్టిందంటే నాలుక నల్లబడి కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ఒడ్డున తిప్పడం మంచిదని అందరూ అంటున్నారు, ఆ ఒడ్డున ఇవి కూడా ఉంటాయి.

ఒడ్డు మనిషి:
డాక్టర్ గారు చెప్పినవి చదివాక నా భయం ఇంకా పెరిగింది. ఇంకో మాట. 2020 నుంచి గలీసియా, పోర్చుగల్, జిబ్రాల్టర్ దగ్గర ఓర్కాలు (కిల్లర్ వేల్స్) తెరచాప పడవల చుక్కానులు విరగ్గొడుతున్నాయి. కొన్ని మునిగాయి కూడా. మనుషులు లైఫ్‌రాఫ్ట్ (ప్రాణరక్షణ తెప్ప) లోకి దూకుతారు, భయంతో బల్ల కింద దూరిన కుక్కను ఎవరు లాగుతారు? రాత్రి నీళ్లలో పడితే దాని తల ఎవరికి కనిపిస్తుంది?

గాలివాటం:
మంచి ప్రశ్న, దాటేయను. కుక్క లైఫ్ జాకెట్‌కు వీపు మీద పట్టీ ఉండాలి, దాన్ని కొక్కెంతో అందుకుని పైకి లాగేలా. కొనగానే ఒడ్డు దగ్గర చిట్టిని నీళ్లలోకి దించి, ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే పైకి లాగగలరో లేదో చూసుకోండి. డెక్ చుట్టూ వల కట్టండి. రాత్రి పూట తాడు కట్టకుండా డెక్ మీదికి రానివ్వకండి. ఓర్కాలున్న చోట ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువున్న నీళ్లలో వెళ్లమని, ఎదురైతే ఆగకుండా ఇంకా లోతు తక్కువైన వైపు సాగమని స్పెయిన్ అధికారులే చెబుతున్నారు. కుక్క కోసం ఎలాగూ ఒడ్డు పక్కనే వెళ్లాలి కదా. చేపల వలలు, చీకట్లో కనిపించని తేలే గుర్తులు (buoys) ఎక్కువగా ఉండేది కూడా అక్కడే, అందుకని పగలే కదలాలి.

బిస్కేను తీరం వెంట చుట్టొచ్చు కానీ ఫ్రాన్స్‌లో లాండ్ తీరం పొడవునా ఆశ్రయం దాదాపు దొరకదు. మధ్యలో ఉన్న ఆర్కషాన్ ముఖద్వారం కెరటాలున్నప్పుడు ప్రమాదం, పైగా అక్కడ సైన్యం క్షిపణి పరీక్షల ప్రాంతం ఉంది. ఇంత శ్రమ ఎందుకు? తెరచాప కొయ్య దించేసి ఫ్రాన్స్ కాలవల గుండా వెళ్లండి. అక్కడి సోన్ నది మీదుగా రోన్ నదిలోకి, అక్కణ్నుంచి పోర్ సాన్ లూయీ దగ్గర మధ్యధరాలోకి. మన గోదావరి కాలవల మీద ఉన్నట్టే దారంతా లాకులు. చిన్న లాకుల దగ్గర చిట్టి దిగి గట్టు మీద నడుస్తుంది. వసంతంలో రోన్ ప్రవాహం ఉధృతంగా ఉంటుంది, నీరు తగ్గాక వెళ్లండి. గలీసియా, పోర్చుగల్ తప్పిపోతాయి, నిజమే. గలీసియా మీద నాకెంత ఇష్టమున్నా చెబుతున్నాను, అక్కడి సియెస్ దీవుల్లో కుక్కను దిగనివ్వరు కూడా.

ఒడ్డు మనిషి:
కాలవల దారి అయితే నాకు అభ్యంతరం లేదు. బిస్కే అయితే ఉంది. గలీసియా చూసి తీరాలనుకుంటే మీ ఇద్దరిలో ఒకరు ఆ మూడు రోజులూ చిట్టితో రైల్లోనో, కారులోనో వెళ్లండి. పడవ నడపడానికి స్నేహితులు దొరుకుతారు.

ఉప్పుగాలి:
ఆ మాట మాకు తట్టనే లేదండీ. మా ఆవిడ కాలవలే అంటోంది, నాకు ఇంకా లా కొరూన్యా మీదే మనసుంది. ఏ దారైనా గడ్డి ముక్క మాత్రం ఈ శనివారమే పెరట్లో వేస్తున్నాం. గాలివాటం గారూ, నేర్పేటప్పుడు మీరు ఏ మాట వాడారో చెప్తారా? చిట్టికి తెలుగే అర్థమవుతుంది.

గాలివాటం:
"కానీ, కానీ" అనేవాళ్లం. ఏ మాటైనా పర్వాలేదు, ఇద్దరూ ఒకే మాట అనండి.